పత్తిపూల రంగు నుంచి పెద్దపేగు కణం దాకా

పాలకుర్తి చుట్టుపక్కల చేలలో వానాకాలపు పత్తి పూతకు వచ్చినప్పుడు, మీగడ తెలుపుతో విచ్చుకున్న పువ్వు మరునాటికి గులాబి రంగుకు, ఆపై ఎరుపుకు తిరగడం ప్రతి రైతూ ఎరిగిన సంగతే. పూరేకుల కణాలలో కొత్తగా తయారయ్యే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఆ మార్పుకు కారణం. ఒకప్పటి దేశవాళీ పత్తిపూల పసుపుకు, భూపాలపల్లి అడవుల్లో హోలీ వేళకు పూసే మోదుగల కాషాయానికి, నేరేడుపండు ఊదాకు, పుంటికూర కాడలోని ఎరుపుకు మూలమైన పదార్థాలు కూడా దానికి దగ్గరి చుట్టాలే. ఈ కుటుంబానికంతటికీ రసాయనశాస్త్రం పెట్టిన పేరు ఫ్లావనాయిడ్లు. పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వీటి ప్రభావాన్ని గురించి గత కొన్ని దశాబ్దాలలో వేల పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. వాటి సారం మాత్రం ఫలానా ఆకు క్యాన్సర్‌ను చంపుతుందన్న ఒక్క మాటగా కుదించుకుపోయి ఊళ్లకు చేరుతోంది. గాజుపళ్లెంలో కణం చావడం వేరు, మనిషి పేగులో కంతి కరగడం వేరు. ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉందో కొలిచినవారి శ్రమ కూడా జనానికి తెలియాలి, ఎందుకంటే రోగి ప్రాణం ఆధారపడేది ఆ కొలత మీదే.

ఫ్లావనాయిడ్ల నిర్మాణం చూపుకు సరళమైనది. ఆరేసి కార్బన్ పరమాణువులు గుండ్రంగా కూడిన రెండు బెంజీన్ వలయాలు, వాటిని కలుపుతూ మూడు కార్బన్ల వంతెన, మొత్తం 15 కార్బన్ల అస్థిపంజరం. ఆ వంతెన మూసుకున్న తీరును బట్టి, వలయాల మీద హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు, ఎక్కడెక్కడ కుదురుకున్నాయన్నదాన్ని బట్టి రంగూ గుణమూ మారిపోతాయి. ఉల్లిగడ్డలోని క్వెర్సెటిన్ ఫ్లావనాల్ తెగకు, బత్తాయిలోని హెస్పెరిడిన్ ఫ్లావనోన్ తెగకు, సోయాలోని జెనిస్టీన్ ఐసోఫ్లావోన్ తెగకు చెందినవి. మోదుగపూలలోని బ్యూటీన్, వంతెన మూసుకోకుండా తెరిచే ఉన్న చాల్కోన్ తెగది. ఇప్పటిదాకా గుర్తించినవి 6 వేలకు పైనే. మొక్క వీటిని మనిషి కోసం తయారుచేయదు. అతినీలలోహిత కిరణాల నుంచి ఆకును కాపాడుకోవడానికీ, తేనెటీగను పువ్వు మీదికి రప్పించుకోవడానికీ, శిలీంధ్రాలను అడ్డుకోవడానికీ తయారుచేసుకుంటుంది. పప్పుజాతి మొక్కలైతే వీటిని వేర్ల గుండా మట్టిలోకి వదిలి, నత్రజనిని స్థిరపరిచే రైజోబియం బాక్టీరియాను తమ దగ్గరికి పిలుచుకుంటాయి. పప్పుజాతి వేర్ల మీద బుడిపెలు ఏర్పడటానికి తొలి సంకేతం ఈ పదార్థాలదే.

వాల్తేరు ప్రయోగశాల

ఈ కుటుంబపు రసాయన చరిత్రలో తెలుగునేలకు గొప్ప చోటుంది. దానికి రావలసినంత ప్రచారం రాలేదు. 1899లో ఆర్థర్ జార్జ్ పెర్కిన్ అనే ఆంగ్ల రసాయనవేత్త పత్తిపూల నుంచి ఒక పసుపు పదార్థాన్ని వేరుచేసి, దానికి గాసిపెటిన్ అని పేరుపెట్టాడు. మూడున్నర దశాబ్దాల తరువాత ఆ పని వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మళ్లీ మొదలై, చాలా లోతుకు వెళ్లింది. దానికి సారథి తిరువేంకట రాజేంద్ర శేషాద్రి. 1900లో తమిళదేశపు కుళిత్తలైలో పుట్టి, మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసి, ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ వద్ద మిల్లీగ్రాముల పదార్థంతోనే విశ్లేషణ ముగించే సూక్ష్మపద్ధతి నేర్చుకుని వచ్చిన ఆయన, 1930ల తొలి అర్ధభాగంలో వాల్తేరు రసాయనశాఖలో చేరి, 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లేదాకా ఇక్కడే పనిచేశారు. కె. నీలకంఠం, పి. సూర్యప్రకాశరావు వంటి సహచరులతో కలిసి కంబోడియా పత్తి, దేశవాళీ పత్తి, గోగు, పుంటికూర, మోదుగ పూలను ఒక్కొక్కటిగా పరీక్షించి, వాటిలో ఏ రంగు పదార్థం ఉందో, దానికి చక్కెర అణువు ఎక్కడ అతికి ఉందో తేల్చారు.

ఆ కాలంలో అణునిర్మాణాన్ని గంటలలో చూపించే నేటి యంత్రాలు లేవు. పూలను ఎండబెట్టి, ఆల్కహాలులో నానబెట్టి, వచ్చిన సారాన్ని పదే పదే శుద్ధిచేసి స్ఫటికాలుగా రాబట్టడం, ఆ స్ఫటికాలను క్షారాలతో విరగ్గొట్టి ముక్కలను గుర్తించడం, చివరికి అదే పదార్థాన్ని వేరే దారిలో కృత్రిమంగా తయారుచేసి రెండూ ఒకటేనని రుజువు చేయడం, ఇలా ఒక్కొక్క నిర్మాణానికి నెలల పని పట్టేది. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలినా ఈ పని ఆగలేదు. శేషాద్రికి 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ లభించాయి. 1975లో ఆయన మరణించారు. క్యాన్సర్ ఆయన వెదికిన విషయం కాదు. అయినా, చక్కెర ఏ స్థానంలో అతికిందన్న ఆయన ప్రశ్న అర్ధశతాబ్దం తరువాత వైద్యపరిశోధనలో మరో రూపంలో తిరిగి లేచింది. ఆ సంగతి కొంచెం తరువాత వస్తుంది.

శేషాద్రి వాల్తేరులో చేరిన దశకంలోనే, 1936లో, హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్‌ గ్యోర్గీ మిరప, నిమ్మ సారాల నుంచి తీసిన ఫ్లావనాయిడ్ల మిశ్రమం సన్నని రక్తనాళాల పటుత్వాన్ని కాపాడుతుందని భావించి, దానికి విటమిన్ పి అని పేరుపెట్టాడు. విటమిన్ అనిపించుకోవడానికి కావలసిన రుజువులు దొరకక ఆ పేరు తరువాత రద్దయింది. మొక్కలోని మంచి పదార్థం మీద ముందు ఆశ పుట్టడం, పరీక్ష దాని వెనుక రావడం ఈ రంగంలో అప్పటి నుంచీ ఉన్నదే.

కణం లోపల జరిగేది

పెద్దపేగు లోపలి పొర శరీరంలో అతి వేగంగా కొత్తదనం సంతరించుకునే కణజాలాలలో ఒకటి. ఆ పొరలో లక్షలాది సన్నని గుంటలు ఉంటాయి. ప్రతి గుంట అడుగున ఉండే మూలకణాలు విభజన చెందుతూ ఉంటే, పుట్టిన కణాలు పైకి జరిగి, నాలుగైదు రోజులలో రాలిపోతాయి. ఇంత తరచుగా విభజన జరిగే చోట జన్యువుల నకలులో తప్పులు దొర్లే అవకాశమూ ఎక్కువే. 1990లో ఎరిక్ ఫియరాన్, బెర్ట్ వోగెల్‌స్టైన్ ఆ తప్పుల క్రమాన్ని వివరించారు. ముందుగా ఏపీసీ అనే జన్యువు చెడుతుంది. అది అదుపులో ఉంచవలసిన బీటా కాటెనిన్ అనే ప్రోటీన్ కణకేంద్రంలోకి చేరి విభజించమని ఆదేశిస్తూ పోతుంది. పొర మీద చిన్న కంతి, అంటే పాలిప్, లేస్తుంది. తరువాత కేరాస్, పి53 వంటి జన్యువులు కూడా దెబ్బతింటే ఆ కంతి క్యాన్సర్‌గా మారుతుంది. ఇదంతా జరగడానికి సాధారణంగా పదేళ్లు, అంతకుమించి కూడా పడుతుంది. నివారణ గురించిన ఆశలన్నీ ఈ సుదీర్ఘమైన వ్యవధి మీదే నిలిచి ఉన్నాయి.

పరిశోధకులు ఎక్కువగా వాడేది రోగుల కంతుల నుంచి తీసి, దశాబ్దాలుగా ప్రయోగశాలలలో పెంచుతూ వస్తున్న కణాలను. 1964లో వేరుచేసిన హెచ్‌టీ 29 వాటిలో ఒకటి. హెచ్‌సీటీ 116, ఎస్‌డబ్ల్యూ 480, కాకో 2 మరికొన్ని. ఒక్కొక్కదానిలో చెడిన జన్యువులు వేరు. హెచ్‌టీ 29లో పి53 దెబ్బతిని ఉంటే, హెచ్‌సీటీ 116లో అది చెక్కుచెదరకుండా ఉంటుంది. అందువల్ల ఒకే ఫ్లావనాయిడ్ ఒక కణరకాన్ని ఆపి, మరోదాన్ని ఆపలేకపోవచ్చు. ఒక్క కణరకం మీద వచ్చిన ఫలితాన్ని పెద్దపేగు క్యాన్సర్ మొత్తానికి వర్తింపజేయడం అందుకే పొరపాటు.

ఈ కణాలపై క్వెర్సెటిన్ చూపే ప్రభావాలలో మూడు ముఖ్యమైనవి. మొదటిది, కణవిభజన చక్రాన్ని మధ్యలో నిలిపివేయడం. రెండవది, అపోప్టోసిస్, అంటే కణం తనంతట తాను క్రమపద్ధతిలో ముక్కలై తొలగిపోయే ప్రక్రియను మొదలుపెట్టడం. దీనిలో కాస్పేస్‌లు అనే ఎంజైములు వరుసగా మేల్కొని కణంలోని ప్రోటీన్లను కోసివేస్తాయి. మూడవది, పైన చెప్పిన బీటా కాటెనిన్ ఆదేశాలను బలహీనపరచడం. ఎస్‌డబ్ల్యూ 480 కణాలలో క్వెర్సెటిన్ ఈ పని చేస్తుందని 2005లో కొరియా పరిశోధకులు చూపారు. మోదుగలోని బ్యూటీన్ పెద్దపేగు క్యాన్సర్ కణాల పెరుగుదలను తగ్గిస్తుందని 1994లోనే సింగపూర్ నుంచి ఒక పత్రం వెలువడింది. కణాల పెరుగుదలకు సంకేతాలు పంపే పీఐ3 కైనేజ్ అనే ఎంజైమును అడ్డుకునే ఎల్‌వై 294002 అనే ప్రసిద్ధ ప్రయోగశాల రసాయనాన్ని క్వెర్సెటిన్ నిర్మాణాన్ని నమూనాగా తీసుకునే రూపొందించారు. ముంబయిలోని హెక్స్ట్ పరిశోధన కేంద్రంలో, ఒక భారతీయ వృక్షంలో దొరికిన రోహిటుకిన్ అనే పదార్థం ఆధారంగా తయారైన ఫ్లావోపిరిడాల్, కణచక్రాన్ని నడిపే ఎంజైములను అడ్డుకునే మందులలో మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లిన తొలితరానిది. అది మందుగా అనుమతి పొందలేకపోయినా, ఆ తరహా మందుల అన్వేషణకు దారి వేసింది. ఈ అణువులకు శక్తి లేదనడం కాబట్టి సరికాదు. ఆ శక్తి ఎంత మోతాదులో, శరీరంలో ఎక్కడ, ఏ రూపంలో పనిచేస్తుందన్నదే తేలవలసిన ప్రశ్న.

పళ్లేనికీ పేగుకూ మధ్య

పరిశోధన పత్రాలలో కణాలను చంపిన క్వెర్సెటిన్ మోతాదు తరచుగా 10 నుంచి 100 మైక్రోమోల్‌ల మధ్య ఉంటుంది. మైక్రోమోల్ అణువుల పరిమాణానికి కొలమానం; ఇక్కడ అది లీటరు ద్రవంలో కరిగినదాని లెక్క. 50 మైక్రోమోల్‌ల క్వెర్సెటిన్ అంటే లీటరుకు సుమారు 15 మిల్లీగ్రాములు. ఉల్లిగడ్డలు బాగా తిన్న మనిషి రక్తంలో కొలిస్తే ఆ సాంద్రత సాధారణంగా ఒక మైక్రోమోల్ దరిదాపులలోనే ఉంటుంది. అదికూడా అసలు క్వెర్సెటిన్ రూపంలో ఉండదు. పేగు గోడ, కాలేయం దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేటునో తగిలించి, శరీరం నుంచి బయటికి పంపడానికి అనువైన పదార్థంగా మార్చివేస్తాయి. గాజుపళ్లెంలో పోసిన అణువూ రక్తంలో తిరిగే అణువూ ఒకటి కావు.

ఇంకో చిక్కు కణాలను పెంచే ద్రవంలోనే ఉంది. ఆ ద్రవంలో కొన్ని ఫ్లావనాయిడ్లు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయని బారీ హాలివెల్ బృందం 2000 ప్రాంతంలో హెచ్చరించింది. అలాంటప్పుడు కణాన్ని చంపింది మొక్క పదార్థమా, పెరాక్సైడా అన్నది విడిగా పరీక్షించి తేల్చవలసి ఉంటుంది. చాలా పత్రాలు ఆ పరీక్ష చేయకుండానే ముగిశాయి. క్వెర్సెటిన్ మీద ఒకప్పుడు దీనికి పూర్తిగా ఎదురు అనుమానం కూడా ఉండేది. బాక్టీరియాలో అది జన్యుమార్పులు కలిగిస్తుందని 1970లలో, ఎలుకలలో కంతులు పుట్టించిందని 1980లో వచ్చిన నివేదికల తరువాత సుదీర్ఘ పరిశీలన జరిగి, మానవ క్యాన్సర్ కారకంగా వర్గీకరించడానికి ఆధారాలు లేవని 1999లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

ఇన్ని చిక్కులున్నా పెద్దపేగు విషయంలో ఆశకు ఒక ప్రత్యేకమైన ఆధారం ఉంది, అది శేషాద్రి బృందం వెదికిన చక్కెర స్థానంతో ముడిపడి ఉంది. మొక్కలో ఫ్లావనాయిడ్ ఒంటరిగా ఉండటం అరుదు. చాలావరకు ఏదో ఒక చక్కెరతో జతకట్టి, గ్లైకోసైడ్ రూపంలో ఉంటుంది. శస్త్రచికిత్సలో పెద్దపేగు తీసివేయవలసి వచ్చిన తొమ్మిదిమంది మీద 1995లో నెదర్లాండ్స్‌లో పీటర్ హోల్మాన్ బృందం జరిపిన పరీక్ష దీన్ని స్పష్టంగా చూపింది. ఉల్లిగడ్డలోని క్వెర్సెటిన్ గ్లూకోజుతో జతగా ఉంటుంది కాబట్టి చిన్నపేగు దానిలో సుమారు 52 శాతాన్ని పీల్చుకుంది. రెండు చక్కెరల జంటతో ఉండే రూటిన్ అనే రూపంలో ఇచ్చినప్పుడు 17 శాతమే పీల్చుకుంది. పీల్చుకోని మిగతా భాగం, పెద్దపేగు ఉన్న మనుషులలో, నేరుగా అక్కడికే చేరుతుంది. రక్తం ద్వారా ఊపిరితిత్తికో మెదడుకో చేరవలసిన మందుకు లేని వీలు ఇది: పెద్దపేగు లోపలి పొర ఫ్లావనాయిడ్లను రక్తంలో కనిపించే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సాంద్రతలో తాకగలదు.

కానీ అక్కడ వాటి కోసం మరో ప్రపంచం కాచుకుని ఉంటుంది. పెద్దపేగులోని బాక్టీరియా చక్కెరను విడదీసి తిని, ఆపై 15 కార్బన్ల అస్థిపంజరాన్నే విరిచి, చిన్న ఫినాలిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. సోయాలోని డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే చురుకైన పదార్థంగా మార్చే బాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు. ఒకే కూర తిన్న ఇద్దరిలో పెద్దపేగు కణాన్ని తాకే పదార్థాలు వేరువేరుగా ఉండటానికి కారణం ఇదే.

మనుషులలో తేలినవి

పసుపు, ఉల్లి కలిసిన ఒక చిన్న పరీక్ష 2006లో చాలా ఆశ రేపింది. పుట్టుకతోనే ఏపీసీ జన్యువు చెడి, పేగులో వందలాది పాలిప్‌లు లేచే వంశపారంపర్య వ్యాధి ఉన్న ఐదుగురికి అమెరికాలో మార్సియా క్రూజ్ కొరెయా బృందం ఆరునెలల పాటు రోజుకు మూడుసార్లు 480 మిల్లీగ్రాముల కర్క్యుమిన్, 20 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ ఇచ్చింది. కర్క్యుమిన్ పసుపుకొమ్ములోని పదార్థం. ఫ్లావనాయిడ్ కాకపోయినా అది కూడా పాలీఫినాల్ వర్గానికే చెందుతుంది. పాలిప్‌ల సంఖ్య సగటున 60 శాతం, పరిమాణం 50 శాతం తగ్గాయి. మహబూబాబాద్, వరంగల్ ప్రాంతాల్లో పసుపు పండించే రైతుకు సంతోషం కలిగించే వార్తే. అయితే ఆ ఐదుగురితో పోల్చి చూడటానికి ఉత్తిమాత్ర తీసుకున్న మరో బృందం లేదు. అదే పరిశోధకురాలు 44 మందిని రెండు బృందాలుగా విడగొట్టి, కర్క్యుమిన్‌ను ఒక్కదాన్నే ఏడాదిపాటు రోజుకు 3 గ్రాముల దాకా ఇచ్చి 2018లో ఫలితం ప్రకటించినప్పుడు, మందు తీసుకున్నవారికీ ఉత్తిమాత్ర తీసుకున్నవారికీ తేడా కనిపించలేదు. తాను రేపిన ఆశను తానే కఠినంగా పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని దాచకుండా ప్రకటించిన ఆ నిజాయితీని ఈ రంగంలో అన్నిటికన్నా గౌరవించాలి.

గ్రీన్ టీ సారంతో జర్మనీలో జరిగిన పరీక్ష ఇంకా పెద్దది. పాలిప్‌లు తీయించుకున్న 879 మందిలో కొందరికి మూడేళ్లపాటు ఆ సారం ఇచ్చి చూస్తే, పాలిప్‌లు తిరిగి వచ్చినవారు ఆ బృందంలో 51 శాతం, ఉత్తిమాత్ర బృందంలో 56 శాతం. ఈ కొద్దిపాటి తేడా యాదృచ్ఛికం కావచ్చునని 2022లో ప్రకటించారు. ఆహారపు అలవాట్లను ఏళ్ల తరబడి నమోదుచేసిన అధ్యయనాలలో కూడా ఏకాభిప్రాయం లేదు. ఫ్లావనాల్‌లు ఎక్కువగా తిన్నవారిలో ముదిరిన పాలిప్‌లు తిరిగి రావడం బాగా తగ్గిందని ఒక అమెరికన్ అధ్యయనం 2008లో చెప్పింది. లక్షలమందిని పరిశీలించిన ఐరోపా, అమెరికా అధ్యయనాలు మొత్తం ఫ్లావనాయిడ్ల మోతాదుకూ పెద్దపేగు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదన్నాయి.

మొక్కల నుంచి పెద్దపేగు క్యాన్సర్‌కు మందు రాలేదని దీని అర్థం కాదు. చైనా వృక్షం కాంప్టోథీకా నుంచి 1966లో మన్రో వాల్, మన్సుఖ్ వానీ వేరుచేసిన కాంప్టోథెసిన్ ఆధారంగా తయారైన ఇరినోటెకాన్, 1996లో అమెరికాలో అనుమతి పొంది, నేటికీ ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌కు ప్రధానమైన మందులలో ఒకటిగా ఉంది. మూడు దశాబ్దాల పరీక్షలు, మోతాదుల నిర్ణయం, దుష్ప్రభావాల లెక్క దాని వెనుక ఉన్నాయి. ఆకు రసానికో క్యాప్సూల్‌కో అదే స్థాయి నమ్మకం కావాలంటే అదే స్థాయి పరీక్ష కావాలి.

క్యాప్సూళ్ల విషయంలో జాగ్రత్త మరీ అవసరం. గ్రీన్ టీ సారం ఎక్కువ మోతాదులో కాలేయాన్ని దెబ్బతీయగలదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. అదే తేయాకులోని ఈజీసీజీ అనే కాటెకిన్ తెగ ఫ్లావనాయిడ్, రక్త క్యాన్సర్‌కు వాడే బోర్టెజోమిబ్ మందుకు అతుక్కుని దాని పనిని అడ్డుకుంటుందని ప్రయోగాలలో తేలింది. కీమోథెరపీ నడుస్తున్న రోగి ఏ మూలికా గుళిక వాడుతున్నా వైద్యుడికి చెప్పి తీరాలి. పత్తిపూలలో క్వెర్సెటిన్ ఉందని వాటిని కషాయం కాచుకోవడం కూడా ప్రమాదమే. ఆ చేలమీద పురుగుమందులు పడుతుంటాయి.

పళ్లెంలో ఉన్నవి

మాత్రలో నిలవని ఆశ ఆహారంలో కొంత నిలుస్తుంది, కాకపోతే దానికి కారణం ఫ్లావనాయిడ్ ఒక్కటే కాదు. కందిపప్పు, జొన్నరొట్టె, పుంటికూర, మునగాకు, జామ, నేరేడు తినేవారి పెద్దపేగుకు ఫ్లావనాయిడ్లతో పాటు పీచు కూడా చేరుతుంది. ఆ పీచును బాక్టీరియా బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లంగా మారుస్తాయి. పెద్దపేగు కణాలకు అదే ప్రధానమైన ఇంధనం. పీచు, ముడిధాన్యాలు పెద్దపేగు క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయన్నదానికి ఉన్న సాక్ష్యం ఫ్లావనాయిడ్లకు ఉన్నదానికన్నా బలమైనది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికలు 528 ఆహారాలను విశ్లేషించి, పాలీఫినాల్‌ల లెక్కను కూడా చేర్చాయి. అదే సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచిస్తున్నాయి. తెల్లబియ్యపు అన్నమే మూడుపూటలా నిండిన పళ్లెంలో అంత కూరగాయకు చోటు దొరకడం కష్టం. జొన్న, కంది తగ్గి వరి, పత్తి పెరిగిన ఊళ్లలో ఇది ఇంటి ఆడవారి వంట తీరుకు సంబంధించిన ప్రశ్న కాదు, పంటల ఎంపికకూ సంతలో ధరలకూ సంబంధించిన ప్రశ్న. ఉల్లిగడ్డలో క్వెర్సెటిన్ పైపొరల్లోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి అవసరానికి మించి పొరలు ఒలిచి పారవేయకపోవడం, ఆకుకూర ఉడికించిన నీళ్లను పారబోయకుండా పప్పులో కలుపుకోవడం మాత్రం ఖర్చులేని పనులు. మద్యం, పొగాకు, నిల్వచేసిన మాంసం ముప్పును పెంచుతాయన్నదాంట్లో సందేహం లేదు.

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా 19 లక్షల మందికి, భారతదేశంలో సుమారు 70 వేల మందికి పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ వస్తోంది. జనాభాతో పోలిస్తే మన దేశపు రేటు పాశ్చాత్య దేశాల కన్నా చాలా తక్కువే, కానీ ఇక్కడ వ్యాధి ముదిరాక బయటపడటం ఎక్కువ. ప్రభుత్వ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమం కింద జరిగే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే పరిమితం. పెద్దపేగు వాటిలో లేదు. మలంలో రక్తం పడితే మొలలని అనుకుని నెలల తరబడి ఆకుమందు వాడటం, కారణం తెలియని రక్తహీనతను నీరసంగా కొట్టివేయడం, మలవిసర్జన అలవాటు ఉన్నట్టుండి మారినా పట్టించుకోకపోవడం, ఈ మూడూ విలువైన కాలాన్ని మింగివేస్తాయి. నలభై ఐదు దాటినవారిలో గాని, దగ్గరి రక్తసంబంధీకులకు ఈ వ్యాధి వచ్చిన కుటుంబాలలో గాని ఇలాంటి లక్షణం కనిపిస్తే వరంగల్‌కో హైదరాబాద్‌కో వెళ్లి కొలనోస్కోపీ, అంటే సన్నని కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపలి పొరను చూసే పరీక్ష, చేయించుకోవాలి. పాలిప్ దశలోనే ఉంటే వైద్యుడు అదే గొట్టం ద్వారా దాన్ని కత్తిరించి తీసివేయగలడు. క్యాన్సర్‌గా మారినా అది పేగు దాటకముందే పట్టుబడితే, అమెరికా గణాంకాల ప్రకారం పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్ల తరువాత కూడా బతికే ఉంటున్నారు.